యూనివర్సిటీ క్యాంపస్ వస్తోందంటే పక్కన భూమి ధరను ఎలా అంచనా వేయాలి

నగరం అంచున ఒక యూనివర్సిటీ వస్తోందన్న మాట బయటికి పొక్కగానే చుట్టుపక్కల స్థలాలకు రెక్కలొస్తాయి. ఒక్క ఇటుక పడకముందే, ఒక్క విద్యార్థి చేరకముందే రేటు మారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి "ఇప్పుడు వదిలేస్తే మళ్లీ దొరకదు" అంటారు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకునే పద్ధతి మీ దగ్గర లేకపోతే, జీవితమంతా కూడబెట్టిన డబ్బును వేరేవాళ్ల ఉత్సాహం మీద పెట్టినట్టే.

స్థలాలకు విలువ కట్టే పనిలో చాలాకాలంగా ఉన్నాను. నేను నేర్చుకున్నది ఇది: యూనివర్సిటీ పేరు భూమికి విలువ తేదు. ఏ గేటులోంచి, రోజూ ఎంతమంది, ఎన్నేళ్లపాటు బయటికి వస్తారో, వాళ్లలో ఎంతమందికి బయట గది కావాలో, ఆ లెక్కే విలువ తెస్తుంది. కింద చెప్పే పనులన్నీ ఆ లెక్క రాబట్టడానికే. ఒక నోటుపుస్తకం, క్యాలిక్యులేటర్, రెండు సాయంత్రాలు నడిచే ఓపిక ఉంటే చాలు.

మొదట: పని ఏ దశలో ఉందో తేల్చుకోండి

క్యాంపస్ ఒక్కరోజులో రాదు. ముందు ప్రకటన, తర్వాత స్థలం ఎంపిక, భూసేకరణ, నిధుల మంజూరు, నిర్మాణం, మొదటి బ్యాచ్, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పూర్తి సంఖ్యలో విద్యార్థులు. ధర మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కేదాకా ఆగదు. ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెంగా పెరుగుతుంది, చాలాచోట్ల ప్రకటన రోజే సగం దూకుడు చూపిస్తుంది. అందుకే "క్యాంపస్ వచ్చాక పెరుగుతుంది" అన్న మాటను అలాగే నమ్మకండి. మీకు చెప్పిన ధరలో ఆ పెరుగుదల ఇప్పటికే కలిసి ఉండొచ్చు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో మెర్సెడ్ అనే చిన్న నగరం ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తన కొత్త క్యాంపస్ కోసం 1995లో ఆ ప్రాంతాన్ని ఎంచుకుంది. తరగతులు మొదలైంది 2005లో, అంటే పదేళ్లకు. మధ్యలో క్యాంపస్ కట్టే చోటు కూడా జరిగింది. వానాకాలంలో మాత్రమే నీళ్లు నిలిచే సహజ కుంటలు, వాటిలో బతికే అరుదైన జీవులు అడ్డొచ్చాయి. దాంతో పక్కనే ఉన్న ఒక గోల్ఫ్ మైదానం మీద కట్టారు. మొదటి ఏడాది చేరిన విద్యార్థులు వెయ్యి మంది కూడా లేరు. యూనివర్సిటీ వస్తోందన్న ఆశకు అప్పట్లో దేశమంతా తేలిగ్గా దొరుకుతున్న ఇంటి రుణాలు తోడయ్యాయి. ఇళ్ల మీద ఇళ్లు లేచాయి. రెండు మూడేళ్లు తిరిగేసరికి బుడగ పేలింది. ఇళ్ల ధరలు సగానికి పైగా పడిపోయాయి, అప్పు కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాల సంఖ్యలో మెర్సెడ్ ఆ దేశంలోనే పైవరుసలో నిలిచింది. 2020 నాటికి అదే యూనివర్సిటీలో విద్యార్థులు దాదాపు 9,000కు చేరారు. అంటే యూనివర్సిటీ మాట తప్పలేదు. దాని వేగం వేరు, కొన్నవాళ్ల అప్పు వాయిదాల వేగం వేరు.

కాబట్టి పుస్తకంలో మొదటి పేజీలో ఈ నాలుగూ రాసుకోండి: భూమి యూనివర్సిటీ పేరు మీదకు మారిందా, నిర్మాణానికి డబ్బు మంజూరైందా, పర్యావరణ అనుమతులు వచ్చాయా, మొదటి బ్యాచ్ ఏ ఏడాది అని అధికారికంగా చెప్పారు. కాగితం చూసిన వాటికే టిక్ పెట్టండి. ఎవరో చెప్పగా విన్నదాన్ని విన్నట్టుగానే రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి.

తలలు కాదు, మంచాలు లెక్కపెట్టండి

"పన్నెండు వేల మంది విద్యార్థులు వస్తారు" అని వినగానే కళ్లు మెరుస్తాయి. కానీ భూమికి కావలసింది తలల సంఖ్య కాదు, క్యాంపస్ బయట కావలసిన మంచాల సంఖ్య.

మాట వరసకు ఒక లెక్క వేద్దాం. పూర్తి స్థాయిలో 12,000 మంది విద్యార్థులు. క్యాంపస్‌లోని హాస్టళ్లలో 7,000 పడకలు. సొంత ఇంటినుంచే వచ్చిపోయేవాళ్లు 2,000 మంది. మిగిలింది 3,000. ముగ్గురు కలిసి ఒక ఫ్లాటు తీసుకుంటే కావలసినవి 1,000 ఫ్లాట్లు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తిరిగి చూడండి. కట్టి ఖాళీగా ఉన్నవి ఎన్ని, పునాది దశలో ఉన్నవి ఎన్ని? ఆ రెండూ కలిపి 1,500 దాటాయంటే, విద్యార్థులు రాకముందే వాళ్లకు సరిపడా ఇళ్లు తయారవుతున్నాయని అర్థం. అద్దె పెరగడానికి అక్కడ చోటు లేదు.

హాస్టళ్ల సంఖ్య ఒక్కటి మారితే కథంతా ఎలా మారిపోతుందో చైనాలో కనిపిస్తుంది. గ్వాంగ్‌జౌ నగరంలో ఒక దీవి మీద 2004లో పది విశ్వవిద్యాలయాల క్యాంపస్‌లతో యూనివర్సిటీ టౌన్ తెరిచారు. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది క్యాంపస్ హాస్టళ్లలోనే ఉంటారు. దీవి మీద మిగిలిన పాత గ్రామాలకు గిరాకీ తెచ్చింది తిండి, చిన్న దుకాణాలు, కొన్ని అద్దె గదులు. లక్షకు పైగా విద్యార్థులున్న చోట కూడా బయటి గదులకు గిరాకీ తలల సంఖ్యను బట్టి రాలేదు.

ఉద్యోగులను విడిగా లెక్కపెట్టండి. విద్యార్థి అద్దెకుంటాడు, సెలవులకు వెళ్లిపోతాడు, మూడు నాలుగేళ్లకు మారిపోతాడు. అధ్యాపకులు, ఆఫీసు సిబ్బంది, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఇల్లు కొనుక్కుంటారు, పిల్లల్ని స్కూల్లో వేస్తారు, పాతికేళ్లు అక్కడే ఉంటారు. విద్యార్థులు చిన్న ఫ్లాట్ల అద్దెను కదిలిస్తే సిబ్బంది ఇళ్ల స్థలాల ధరను కదిలిస్తారు. సిబ్బంది చాలావరకు నగరం మధ్యనుంచే రోజూ బస్సులో వచ్చిపోతారని తెలిస్తే, క్యాంపస్ పక్కన ఇండిపెండెంట్ ఇంటి స్థలానికి అంత ఆశ పెట్టుకోకండి.

పరిశోధన బలంగా ఉంటే చుట్టూ కంపెనీలు వస్తాయని కూడా అంటారు. నిజమే, వస్తాయి. ఎప్పటికి వస్తాయన్నదే ప్రశ్న. ఎమ్‌ఐటీ (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) 1916లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌కు మారింది. ఈరోజు బయోటెక్ కంపెనీలకు కేంద్రంగా పేరున్న పక్కనే కెండాల్ స్క్వేర్ ఆ దారి పట్టింది 1980లలో. ఆ లాభాన్ని మీ లెక్కలో కలపకండి. వస్తే మీ పిల్లల కాలానికి వస్తుంది.

గేటు ఎక్కడుందో నడిచి చూడండి

ఒకసారి ఒక స్థలానికి విలువ కడుతూ నేను మ్యాపులో క్యాంపస్ ప్రహరీ నుంచి దూరం కొలిచాను. 400 మీటర్లు వచ్చింది, అదే రాశాను. ఎందుకో మనసొప్పక ఒక సాయంత్రం వెళ్లి నడిచాను. ఆ వైపు గోడకు గేటే లేదు. గోడ వెంట ఒక మూల దాకా వెళ్లి, తిరిగి, పెద్ద రోడ్డు దాటి ప్రధాన గేటుకు చేరడానికి 35 నిమిషాలు పట్టింది. గేటు ఎదురుగా ఫొటోకాపీ షాపులు, టీ కొట్లు, గది అద్దెకని అంటించిన కాగితాలు, బస్సు కోసం నిలబడ్డ పిల్లలు. నేను విలువ కట్టిన స్థలం వైపు పొడవాటి గోడ, దాని పక్కన ఆగి ఉన్న లారీలు, దీపం లేని రోడ్డు. రెండూ ఒకే క్యాంపస్‌కు "400 మీటర్ల లోపు" ఉన్నవే. ఆ రిపోర్టు వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. అప్పటినుంచి నడవకుండా ఒక్క అంకె కూడా వేయలేదు.

మీరూ అలాగే చేయండి. దూరాన్ని కాకి ఎగిరినట్టు కాకుండా కాలు నడిచినట్టు కొలవండి. క్యాంపస్ ఇంకా కట్టకపోతే మాస్టర్ ప్లాన్ సంపాదించి మూడు విషయాలు వెతకండి: ప్రధాన గేటు ఏ రోడ్డు మీద, హాస్టళ్లు ఏ మూల, బస్సులు ఎక్కడ ఆగుతాయి. పది నిమిషాల నడకలో ఉన్నవి ఒక వర్గం, ఇరవై నిమిషాలవి ఇంకొకటి, ఆ పైన బస్సు ఎక్కక తప్పనివి మూడోది. ఒక్కో వర్గాన్ని మ్యాపు మీద వేరే రంగుతో గీయండి. రంగు గుండ్రంగా రాదు, రోడ్ల వెంట వేళ్లలా సాగుతుంది.

గేటుకు మరీ ఆనుకున్న స్థలం ఎప్పుడూ అన్నిటికన్నా ఖరీదైనదని కూడా అనుకోకండి. దుకాణానికి అది బంగారం. కుటుంబం ఉండే ఇంటికి మాత్రం అర్ధరాత్రి దాకా బండ్ల మోత, పార్కింగ్ గొడవ, వారాంతం చప్పుడు. స్థలాన్ని ఏ పనికి ఎవరు ఎక్కువ ఇచ్చి తీసుకుంటారో ఆ పనికే అది వెళ్తుందని విలియం అలోన్సో అనే పరిశోధకుడు 1964లో నగర భూములకు వర్తింపజేసి చూపించాడు. గేటు ముందు దుకాణదారుడు గెలుస్తాడు, రెండు వీధుల వెనక గదులు అద్దెకిచ్చేవాడు, ఇంకాస్త వెనక ఇల్లు కట్టుకునేవాడు. మీ స్థలం వీళ్లలో ఎవరి చేతికి వెళ్లేదో తెలిస్తేనే దాని ధర తెలుస్తుంది.

అద్దె నుంచి భూమికి లెక్క కట్టండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. తొందరపడకుండా పెన్ను పట్టుకుని చేయండి.

ఒక స్థలంలో కట్టే భవనం మీద ఖర్చులన్నీ పోను ఏడాదికి 8 అద్దె వస్తుందనుకుందాం. 8 ఏమిటన్నది ఇప్పుడు ముఖ్యం కాదు, మీ చోట నడిచే డబ్బులో వేసుకోండి. అలాంటి ఆస్తి మీద పెట్టుబడిదారులు ఏడాదికి 5 శాతం రాబడి చాలనుకుంటే భవనం, స్థలం కలిపి విలువ 160 (8ని 0.05తో భాగిస్తే వచ్చేది). కట్టడానికి అయ్యే ఖర్చు, అనుమతులు, వడ్డీ, కట్టేవాడి లాభం అన్నీ కలిపి 110. 160లో 110 తీసేస్తే మిగిలే 50 భూమి విలువ.

క్యాంపస్ వచ్చి అద్దె 10 శాతం పెరిగిందనుకోండి. 8 కాస్తా 8.8 అవుతుంది. మొత్తం విలువ 176. కట్టే ఖర్చు అదే 110. భూమి విలువ 66. అద్దె 10 శాతం పెరిగితే భూమి 32 శాతం పెరిగింది. "అద్దెలు కొంచెమే పెరిగాయి, స్థలాలు మాత్రం ఎందుకింత పెరిగాయి" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఇప్పుడు అదే లెక్క తిరగేయండి. అద్దె 10 శాతం తగ్గి 7.2 అయితే మొత్తం 144, భూమి 34. అంతే వేగంగా కిందికి వచ్చింది. అద్దె కదలకుండా కట్టే ఖర్చు 10 శాతం పెరిగితే భూమి విలువ 39కి పడుతుంది. ఈ మూడు వరుసలూ మీ పుస్తకంలో పక్కపక్కనే రాసుకోండి, బేరం ఆడేటప్పుడు తెరిచి పెట్టుకోండి.

రాబోయేదానికి ఈరోజు ఎంత ఇవ్వొచ్చు

పైన వచ్చిన 66 క్యాంపస్ నడిచే రోజు విలువ. మీరు డబ్బిచ్చేది ఈరోజు. మధ్యలో కాలం ఉంది, అనుమానం ఉంది.

50 నుంచి 66కి పెరుగుదల 16. అది వచ్చేది ఐదేళ్ల తర్వాత అనుకుందాం. మీ డబ్బు వేరేచోట ఏడాదికి 10 శాతం సంపాదించగలదనుకుంటే, ఐదేళ్ల తర్వాత వచ్చే 16కి ఈరోజు విలువ సుమారు 10 (10ని ఏటా 10 శాతం పెంచుతూ పోతే ఐదేళ్లకు దాదాపు 16 అవుతుంది). మొదటి పేజీలో మీరు పెట్టిన టిక్‌లు చూసి, అనుకున్నట్టు జరిగే అవకాశం వందకు అరవై అనిపిస్తే ఆ 10 కాస్తా 6 అవుతుంది. అంటే 50కి ఆ 6 కలిపి ఈరోజు మీరు ఇవ్వదగిన ధర 56. అడిగేవాడు 66 అడుగుతున్నాడంటే, రావలసిన లాభమంతా ముందే తను తీసుకుని ఆలస్యమూ అనుమానమూ మీకు అమ్ముతున్నాడు. 70 అడిగితే, క్యాంపస్ చెప్పిన రోజుకు తెరిచినా మీకు నష్టమే.

ఐదేళ్లు ఎనిమిదేళ్లయితే ఆ 6 కాస్తా 4.5కి పడిపోతుంది. అప్పు చేసి కొనేవాళ్లు ఈ ఎనిమిదేళ్ల లెక్కనే నమ్ముకోవాలి. అద్దె రాని స్థలం మీద వడ్డీ మాత్రం నెలనెలా వస్తుంది.

చుట్టూ ఎంత ఖాళీ భూమి ఉంది, ఏం కట్టనిస్తారు

కొండో, సముద్రమో, పాత బస్తీయో చుట్టుముట్టిన క్యాంపస్ పక్కన కొత్తగా కట్టడానికి చోటు దొరకదు, గిరాకీ అంతా ధరలోకి ఎక్కుతుంది. నలువైపులా పొలాలు ఉంటే గిరాకీ కొత్త లేఅవుట్లలోకి పోతుంది, ధర కొంచెం కదిలి ఆగుతుంది. ఈ రెండో రకం చోటులో "ఇదే చివరి ప్లాటు" అన్న మాటకు అర్థం లేదు.

నియమాలు కూడా చదవండి. మీ స్థలంలో ఎన్ని అంతస్తులు వేయనిస్తారు, గదులుగా విడదీసి అద్దెకివ్వనిస్తారా, దుకాణం పెట్టనిస్తారా? ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలోని హెడింగ్లీ లాంటి పేటల్లో కుటుంబాల ఇళ్లు ఒక్కొక్కటిగా విద్యార్థుల గదులుగా మారిపోయి పాత నివాసులు ఖాళీ చేయడం చూసి, డారెన్ స్మిత్ అనే భూగోళ శాస్త్రవేత్త ఈ మార్పుకు ఒక పేరే పెట్టాడు. 2010 నుంచి అక్కడ ముగ్గురు నుంచి ఆరుగురు సంబంధం లేనివాళ్లు పంచుకునే ఇంటిని నియమాల్లో వేరే వర్గంగా చూస్తున్నారు. స్థానిక కౌన్సిల్ కోరుకుంటే, అలా మార్చడానికి ముందుగా అనుమతి తీసుకోవాలని పెట్టొచ్చు. ఒక్క నియమంతో ఒక వీధిలోని ఇళ్ల విలువ లెక్క మారిపోతుంది. అలాగే చాలా దేశాల్లో యూనివర్సిటీలకు ఆస్తి పన్ను మినహాయింపు ఉంటుంది. నగరం ఆ లోటును మిగతావాళ్ల దగ్గర పూడ్చుకుంటుందేమో ఆరా తీయండి.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. ధర పెరిగినప్పుడు స్థలం ఉన్నవాడు గెలుస్తాడు. అదే వీధిలో ఏళ్లుగా అద్దెకుంటున్న కుటుంబానికి పెరిగిన అద్దె తప్ప ఏమీ రాదు. మీరు అక్కడ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లయితే, పాత కిరాయిదారుకు నోటీసు ఇచ్చేముందు సెలవుల్లో ఖాళీగా ఉండే రెండు మూడు నెలలు, ఏటా అద్దెకుండేవాళ్లు మారినప్పుడల్లా మీకయ్యే మరమ్మతుల ఖర్చు కూడా లెక్కలో వేయండి. చాలాసార్లు పాతవాళ్లను ఉంచుకోవడమే లాభంగా తేలుతుంది.

పెరిగినదంతా క్యాంపస్ పుణ్యం కాదు

"ఫలానా యూనివర్సిటీ పక్కన ఐదేళ్లలో ధర ఒకటిన్నర రెట్లయింది" అని ఉదాహరణ చూపిస్తారు. అదే ఐదేళ్లలో నగరమంతా ఎంత పెరిగిందని అడగండి. క్యాంపస్‌కు దూరంగా, అంతకుముందు అదే ధరలో, అదే రకం రోడ్లతో ఉన్న ఇంకో పేటను ఎంచుకోండి. క్యాంపస్ పేట 100 నుంచి 150కి వెళ్లి, రెండో పేట 100 నుంచి 138కి వెళ్లి ఉంటే క్యాంపస్ తెచ్చింది 12 మాత్రమే. మిగతా 38 వడ్డీ రేట్లు, నగరం ఎదుగుదల తెచ్చినవి. క్యాంపస్‌తో పాటే కొత్త మెట్రో లైనో, పెద్ద రోడ్డో వచ్చి ఉంటే ఆ 12లో వాటి వాటా కూడా ఉంటుంది. రోడ్డు పక్కన, కానీ క్యాంపస్‌కు దూరంగా ఉన్న మూడో పేటను కూడా పోల్చి చూస్తే అది బయటపడుతుంది. పోల్చడానికి అమ్మేవాళ్లు చెప్పే ధరలు తీసుకోకండి, రిజిస్టరైన ధరలు తీసుకోండి.

క్యాంపస్ వెళ్లిపోతే?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, మీరు అడగండి. జపాన్‌లో చూవో యూనివర్సిటీ 1978లో టోక్యో నడిబొడ్డు నుంచి దూరంగా హచియోజికి తరలింది. 2023లో దాని న్యాయశాస్త్ర విభాగం మళ్లీ నగరం మధ్యకు వచ్చేసింది. అక్కడ పద్దెనిమిదేళ్ల యువత 1992లో 20 లక్షలు దాటి ఉంటే ఇప్పుడు 11 లక్షల దగ్గర ఉన్నారు. విద్యార్థుల కోసం పోటీ పెరిగితే యూనివర్సిటీలు వాళ్లకు నచ్చే చోటికే కదులుతాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ 2024 జూన్‌లో వారం రోజుల నోటీసుతో మూతపడింది. కెనడా అదే ఏడాది విదేశీ విద్యార్థుల అనుమతులకు పరిమితి పెట్టింది.

మీ క్యాంపస్ గురించి మూడు విషయాలు కనుక్కోండి. విద్యార్థుల్లో విదేశాల నుంచి వచ్చేవాళ్ల వాటా ఎంత, ఆ ప్రాంతంలో పదేళ్ల వయసు పిల్లల సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా, క్యాంపస్ భూమి యూనివర్సిటీ సొంతమా లీజా. లీజుకు తీసుకున్న భవనాల్లో నడిచే సంస్థ వెళ్లిపోవాలంటే ఒక ఉత్తరం చాలు. పెద్ద లైబ్రరీ, ప్రయోగశాలలు సొంత భూమిలో కట్టుకున్న సంస్థకు కదలడం అంత సులువు కాదు.

చివరగా రెండుసార్లు వెళ్లండి

ఒకసారి తరగతులు నడిచే రోజుల్లో, సాయంత్రం ఆరు గంటలకు. ఇంకోసారి పొడవు సెలవుల మధ్యలో, అదే గంటకు, అదే వీధికి. కొత్త క్యాంపస్ ఇంకా తెరవకపోతే, అదే నగరంలో అంతే పరిమాణంలో ఉన్న పాత క్యాంపస్ దగ్గర ఈ పని చేయండి. రెండుసార్లూ గేటు నుంచి మీ స్థలం దాకా నడుస్తూ, తెరిచి ఉన్న దుకాణాలు, వెలుగుతున్న కిటికీలు, అద్దెకు ఉందన్న కాగితాలు లెక్కపెట్టి రాసుకోండి. సెలవుల్లో ఎన్ని షట్టర్లు మూసి ఉన్నాయో చూస్తే, మీ అద్దె ఏడాదికి ఎన్ని నెలలు వస్తుందో తెలుస్తుంది. ఆ నెలల సంఖ్యతో పైన వేసిన 8ని సరిచేసి, లెక్క మొత్తం మళ్లీ ఒకసారి వేయండి. వచ్చిన అంకెను కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని, అప్పుడు బేరానికి కూర్చోండి.